చెడ్డ సమీక్ష వచ్చిందా? కవిగారికి కొన్ని సూచనలు

సొంత ఖర్చుతో 500 కాపీలు వేయించారు గదా, ముందుమాటలు మూడుకు తగ్గనివ్వకండి. 1950లో అచ్చయిన 'మహాప్రస్థానం'కి చలం రాసిన యోగ్యతాపత్రం ఒక్కటీ సరిపోయిందంటే అది శ్రీశ్రీ. మీకు ఒకటి యూనివర్సిటీ ఆచార్యులది, ఒకటి అవార్డు కమిటీలో ఉన్నాయనది, ఇంకొకటి ఎవరి సంపుటికి మీరు ముందుమాట రాశారో ఆయనది కావాలి.

సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఆవిష్కరణ కాగానే చిన్న పత్రికలకు రెండేసి ప్రతులు పంపండి. సమీక్షకుణ్ణి కూడా మీరే సూచిస్తే సంపాదకుడికి శ్రమ తప్పుతుంది. పాపం, ప్రూఫులు దిద్దేదీ, కవర్ల మీద చిరునామాలు అంటించేదీ ఆయనొక్కడే. మంచి సమీక్షలో 'ఆర్ద్రత', 'చిక్కదనం', 'దాచుకోదగ్గ పుస్తకం' తప్పక ఉంటాయి. నాలుగేసి పాదాలు ఎత్తి రాసి, మధ్యమధ్య "అంటాడు కవి", "అని వాపోతాడు" అని అతికిస్తే పేజీ నిండుతుంది. లోపం చెప్పక తప్పదనుకుంటే అచ్చుతప్పులు ఉండనే ఉన్నాయి. ఆ పాపం డీటీపీ కుర్రాడిది.

ఇంత చేసినా, ఒక్కోసారి ఎవడో పుస్తకం చదివేస్తాడు. 36వ పేజీలో వెన్నెల ఎందుకు ఏడుస్తోందని అడుగుతాడు. 'మట్టి' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతాడు. వచనాన్ని విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చారంటాడు. ఈ జబ్బు కొత్తదేం కాదు. 1928లోనే అక్కిరాజు ఉమాకాంతం 'నేటికాలపు కవిత్వం' అని పుస్తకమే వేసి భావకవులను ఉతికి ఆరేశాడు. 1968లో కడప నుంచి 'సంవేదన' తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి కలానికి మొహమాటం తెలీదు. అంత ఓపిగ్గా తిట్టాలంటే ముందు అంత ఓపిగ్గానూ చదవాలి; ఆ భాగ్యం ఇవాళ ఎంతమంది కవులకు దక్కుతోందని నా అనుమానం. ఇది మీరు పట్టించుకోనక్కర్లేదు.

మీరు మాత్రం అసలు విషయానికి జవాబివ్వకండి. ఆ సమీక్షకుడిది ఏ ఊరు, ఏ సంఘం, పోయినేడు ఆయన పుస్తకానికి అవార్డు ఎందుకు తప్పిపోయింది, ఇవన్నీ ఆరా తీయండి. తర్వాత ఫోన్లు.

"అన్నా, నా మీద రాసింది చూసినవా?"

"లేదు తమ్మీ. ఏ పత్రికల?"

చెబుతారు.

"అది ఇంకా వస్తుందా?"

అధైర్యపడకండి. ఆ పేజీ ఫోటో తీసి అందరికీ పంపండి. చందాదారులు కూడా తిరగెయ్యని పేజీని సాయంత్రానికల్లా కవిలోకమంతా చదివేస్తుంది. రాత్రికి అన్న మళ్లీ ఫోన్ చేస్తాడు. "అన్యాయం తమ్మీ, గట్ల రాసుడేంది? కాకపోతే, ఆ వెన్నెల సంగతి..." అని ఆగుతాడు. మాట మార్చండి.

ఆ రాత్రే నాలుగు పేజీల ఖండన రాసి, మిత్రుల సంతకాలతో పంపండి. సంపాదకుడు సంతోషంగా వేస్తాడు. వచ్చే సంచికకు ఆయన దగ్గర మరేమీ లేదు.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల వైపు కొన్నాళ్లు పోకండి. "ఆత్మీయంగా" అని మీరు సంతకం చేసిచ్చిన ప్రతి, ఒక్క మడతైనా పడకుండా అక్కడ కనిపించవచ్చు. అది పొగిడినాయనది. తిట్టినాయన కాపీ ఇంకా ఆయన దగ్గరే ఉందట. మీ ఖండన రాగానే మళ్లీ చూసుకోవాలిగా.