కోట్ల మిషను, మూడు గంటల ట్రైనింగు

అమెరికాలో ప్రైమరీ ఎన్నిక రసాభాస అయితే విచారణ కమిటీ ఖర్చు పెట్టుకోవాల్సిన పనే లేదు. తీర్పు ముందే తయారుగా ఉంటుంది: పోలింగ్ సిబ్బందికి సరైన శిక్షణ లేదు. మిషను లేవకపోయినా, బ్యాలట్లు అయిపోయినా, ఓటర్ల జాబితా ఉన్న కంప్యూటరు మొరాయించినా ముద్దాయి ఒక్కరే. బల్ల వెనక కళ్లజోడు సర్దుకుంటూ కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ. తెల్లవారుజామున వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న సాండ్‌విచ్ తిని, రాత్రి సీళ్లు వేసి ఇల్లు చేరే ఆవిడకి, తన మీద తీర్పు వెలువడిన సంగతి మర్నాడు పేపరు చూస్తే గానీ తెలియదు.

తెలుగు పాఠకుడికి అసలు ప్రైమరీయే ఒక వింత. మన దగ్గర పార్టీ అభ్యర్థిని తేల్చేది బి-ఫారం. గడువు ముగిసే ఘడియల్లో అది ఢిల్లీ నుంచో, అధినేత ఇంటి నుంచో దిగుతుంది. దానికి పోలింగు లేదు, క్యూ లేదు, సిబ్బందికి శిక్షణ అంతకన్నా లేదు. మహా పొదుపైన పద్ధతి. అమెరికా వాళ్లు ఆ పనిని ఓటర్లకే అప్పగించారు. పార్టీ టిక్కెట్టు ఎవరికన్నది తేల్చడానికి చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖర్చుతో, ప్రభుత్వ మిషన్లతో, మన జిల్లాల్లాంటి కౌంటీల అధికారులు ఎన్నిక నడుపుతారు. కాబట్టి వాళ్లకి మనుషులు కావాలి.

ఆ మనుషుల్ని పట్టుకురావడం దగ్గరే కథ మొదలవుతుంది. మన మండల విద్యాధికారి దగ్గర టీచర్ల జాబితా ఉంటుంది. కలెక్టరు సంతకంతో ఆర్డరు వస్తుంది. డ్యూటీ ఎగ్గొడితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 134వ సెక్షను ఎదురుచూస్తూ ఉంటుంది. మోకాళ్ల నొప్పులకి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చినా ఒక పట్టాన నమ్మరు. అమెరికా కౌంటీ క్లర్కుకి ఈ వైభోగం లేదు. ప్రకటనలిచ్చి, లైబ్రరీలో పోస్టర్లు అంటించి, పోయినసారి వచ్చినవాళ్లకి ఫోన్లు చేసి బతిమాలుకోవాలి. చేతిలో పెట్టేది కౌంటీని బట్టి నూరు నుంచి రెండు మూడొందల డాలర్లు. న్యూయార్క్‌లో పోలింగు ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా. సిబ్బంది ఐదింటికే హాజరు. గంటల్లెక్కన భాగించి చూసుకునే అలవాటున్న యువకులు ఆ ఛాయలకి రారు. అందుకే 2018 లెక్కల్లో పోల్ వర్కర్లలో దాదాపు అరవై శాతం మంది అరవై దాటినవారు. నాలుగో వంతుకు పైగా డెబ్బై దాటినవారు. పిలుపులు చాలడం లేదని 2020లో జాతీయ పోల్ వర్కర్ల నియామక దినం అని ఒక పండుగ కూడా పెట్టారు.

జీతం తక్కువైనా బిరుదులకి లోటు లేదు. ఇల్లినాయిలో వీళ్లని ‘ఎలక్షన్ జడ్జి’ అంటారు. పెన్సిల్వేనియా ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ బూత్ పెద్దని నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు! ఎన్నిక జరపడానికి ఒక ఎన్నిక. ఎవరూ నిలబడని చోట బ్యాలట్ మీద ఎవరో చేత్తో పేరు రాసిన ఒకటి రెండు ఓట్లతో జడ్జిగారు గెలిచిపోతుంటారు.

ఇక శిక్షణ. చాలా కౌంటీల్లో అది రెండు మూడు గంటల తరగతి, చేతికి ఒక లావుపాటి పుస్తకం. ఆ రెండు మూడు గంటల్లోనే మిషను తెరవడం, సున్నా ఓట్ల పట్టీ తీయడం, సీళ్ల నంబర్లు రాయడం, పేరు దొరకనివాళ్లకి ప్రొవిజనల్ బ్యాలట్ ఇవ్వడం, చెడిన బ్యాలట్‌కి కొత్తది ఇచ్చి పాతదాన్ని లెక్కలో చూపడం, కారు దిగలేని వృద్ధుల దగ్గరికి బ్యాలట్ మోసుకెళ్లడం, పార్టీ టోపీ పెట్టుకొచ్చిన పెద్దమనిషిని నొప్పించకుండా టోపీ తీయించడం నేర్పాలి. 2020 తర్వాత కోపంతో వచ్చినవాళ్లని చల్లబరచడమెలా అన్న పాఠం చేరింది. 2023 నవంబరులో పలు రాష్ట్రాల ఎన్నికల కార్యాలయాలకి అనుమానాస్పద పొడి ఉన్న కవర్లు వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీకి వచ్చిన కవరులో ఫెంటనిల్ అనే మత్తుమందు ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత 2024 ప్రైమరీలకి సిద్ధమైన జార్జియా కౌంటీల సామగ్రిలో స్టాంపు ప్యాడు, పెన్నులతో పాటు మత్తు విరుగుడు మందు కూడా చేరింది. నూరు డాలర్ల ఉద్యోగానికి ఇంత బాధ్యత ఇంకెక్కడా దొరకదు.

ఇదంతా ఏ ఎన్నికకైనా ఉండేదే. ప్రైమరీకి అసలు చిక్కు వేరే ఉంది: వచ్చిన ఓటరు ఏ పార్టీ బ్యాలట్‌కి అర్హుడు? కొన్ని రాష్ట్రాల్లో ఆ పార్టీలో నమోదైనవాళ్లకే దాని బ్యాలట్. కొన్నిచోట్ల ఎవరైనా ఏదో ఒకటి అడగవచ్చు, కాకపోతే నలుగురూ వినేలా బల్ల దగ్గర నోరు తెరిచి చెప్పాలి. న్యూ హాంప్‌షైర్‌లో ఏ పార్టీకీ చెందని ఓటరు బూత్‌లోకి వచ్చి ఒక పార్టీ బ్యాలట్ అడిగి, ఆ క్షణాన ఆ పార్టీ సభ్యుడై, ఓటేసి, బయటికి వెళ్తూ ఇంకో బల్ల దగ్గర సంతకం పెట్టి మళ్లీ ఏ పార్టీకీ చెందనివాడైపోవచ్చు. ఫిరాయింపుల్లో మనవాళ్లని మించినవారు లేరని గర్వపడే నాయకులు ఈ సంగతి ఒక్కసారి చూడాలి. పది నిమిషాల్లో పార్టీలో చేరి బయటికొచ్చేయడం, స్పీకరుకు పిటిషను కూడా లేకుండా!

కాలిఫోర్నియా ఇంకా రసవత్తరం. 2016 అధ్యక్ష ప్రైమరీలో ఏ పార్టీకీ చెందని ఓటరుకు డెమోక్రాట్ల బ్యాలట్ దొరికేది, కానీ నోరు తెరిచి అడగాల్సి వచ్చేది. అడగనివాళ్ల సంగతి పోల్ వర్కర్లకి సరిగా చెప్పలేదని కేసు కూడా పడింది. అక్కడే అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అని ఒకటుంది. 1968లో వర్ణవివక్ష సమర్థకుడు జార్జ్ వాలెస్‌ని అధ్యక్ష పదవికి నిలబెట్టిన పార్టీ అది. ‘నేను ఏ పార్టీ వాణ్ణీ కాను, ఇండిపెండెంట్‌ని’ అనుకుని ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లు కోకొల్లలు. లాస్ ఏంజెలిస్ టైమ్స్ 2016లో సర్వే చేస్తే ఆ పార్టీ సభ్యుల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తాము అందులో ఉన్నట్టే తెలియదు. ఆ సంగతి చాలామందికి తెలిసేది పోలింగు బల్ల దగ్గరే. చెప్పాల్సింది ఆ టీచరమ్మే. ఓటరు తిట్లు తినాల్సిందీ ఆవిడే.

నెవాడాలో 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్లకి రెండు పోటీలు నడిచాయి. 6న ప్రభుత్వం నడిపిన ప్రైమరీ, 8న పార్టీ తనే సభలు పెట్టి నడిపిన కాకస్. ట్రంప్ పేరు రెండోదాంట్లోనే. ప్రైమరీకి వచ్చినవాళ్లు మా నాయకుడి పేరేదని బూత్‌లో నిలదీశారు. మిగిలిన పెద్ద అభ్యర్థి నిక్కీ హేలీ. ఆ బ్యాలట్ మీద ‘వీరెవరూ కాదు’ అన్న గడి ఉంది. హేలీ ఆ గడి చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఈ మొత్తం వ్యవహారాన్ని రెండు నిమిషాల్లో, చిరునవ్వు చెదరకుండా, క్యూలో వెనకున్నవాళ్లు విసుక్కోకుండా వివరించడానికి ఎన్ని గంటల శిక్షణ కావాలో నిపుణులే తేల్చాలి.

మిషన్ల సంగతికొస్తే, అమెరికన్ రాష్ట్రాలకి ఒక చక్కని ఆనవాయితీ ఉంది. కోట్లు పోసి కొన్న కొత్త మిషనుని మొదటిసారి పెద్ద ఎత్తున పరీక్షించేది ప్రైమరీ రోజున, ఓటర్ల ఎదుటే. 2000లో చిల్లుల బ్యాలట్లతో పరువు పోగొట్టుకున్న ఫ్లోరిడా వాటిని నిషేధించింది. మయామీ-డేడ్, బ్రోవార్డ్ కౌంటీలు టచ్‌స్క్రీన్లు తెప్పించాయి. 2002 సెప్టెంబరు 10న గవర్నర్ అభ్యర్థి కోసం డెమోక్రాట్ల ప్రైమరీ. పొద్దున్నే మిషన్లు లేవలేదు. ఎలా లేపాలో కొందరు సిబ్బందికి తెలియదు, కొందరు సిబ్బంది తామే లేచి రాలేదు. పోటీలో ఉన్న మాజీ అటార్నీ జనరల్ జానెట్ రెనో తన సొంత బూత్‌లోనే మిషను కోసం ఎదురుచూస్తూ నిలబడాల్సి వచ్చింది. గవర్నర్ జెబ్ బుష్ పోలింగు రెండు గంటలు పొడిగించారు. రెనో ఐదు వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. తీర్పు ఊహించే ఉంటారు: శిక్షణ లోపం.

మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో 2006 సెప్టెంబరు 12న మాత్రం ఎంత శిక్షణ ఇచ్చినా లాభం లేకపోయేది. అక్కడి మిషనులో ఓటరు బ్యాలట్ తెరుచుకోవాలంటే ఒక ప్లాస్టిక్ కార్డు పెట్టాలి. 238 బూత్‌లకీ మిషన్లు, పుస్తకాలు, స్టిక్కర్లు, బల్లలు అన్నీ వెళ్లాయి. పెళ్లికి మేళతాళాలతో తరలివెళ్లి తాళిబొట్టు ఇంట్లో మర్చిపోయినట్టు, కార్డులు మాత్రం గోడౌన్‌లో ఉండిపోయాయి. ఒక బూత్‌కి కాదు, కౌంటీలో ప్రతి బూత్‌కీ. సిబ్బంది ప్రొవిజనల్ కాగితాలు పంచారు. కొన్నిచోట్ల అవీ అయిపోయాయి. పోలింగు గంటసేపు పొడిగించాల్సి వచ్చింది.

జార్జియా 2020లో కాస్త ఆధునికంగా దెబ్బతింది. పది కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న మిషన్లు, మధ్యలో కోవిడ్, రెండుసార్లు వాయిదా పడి జూన్ 9న ప్రైమరీ. వయసు మీదపడ్డ సిబ్బంది ప్రాణభయంతో తప్పుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి ట్రైనింగు ఆన్‌లైన్‌లోనే. తాకి చూడని మిషనుని తాళం తీసి, తీగలు కలిపి, ఓటర్ల ముందు నడిపించమన్నారు. అట్లాంటా చుట్టుపక్కల గంటల తరబడి క్యూలు. రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ తప్పు ఫుల్టన్, డికాబ్ కౌంటీలదేనన్నారు. శిక్షణ బాధ్యత రాష్ట్ర కార్యదర్శిదేనని డికాబ్ పెద్ద మైకేల్ థర్మండ్ తిప్పికొట్టారు. ఇద్దరూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు: తప్పు ఇవతలివాడిది కాదు.

ఆ ఏడాదే అయోవా డెమోక్రాట్లు తమ కాకస్ ఫలితాలు ఫోన్ యాప్‌లో పంపాలని నిశ్చయించారు. అది పార్టీయే నడుపుకునే తంతు. అయినా పాఠం ఇదే. యాప్ ఎవరు చేశారో హ్యాకర్లకి తెలియకూడదని రహస్యంగా ఉంచారు. ఆ రహస్యం ఎంత పకడ్బందీగా సాగిందంటే, ఫిబ్రవరి 3 రాత్రి దాన్ని వాడాల్సిన బూత్ పెద్దల్లో చాలామందికీ అది అంతుపట్టలేదు. ఫోన్ చేసి చెబుదామంటే లైన్లు దొరకలేదు. రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేశారు.

విస్కాన్సిన్‌లో 2020 ఏప్రిల్ 7న కోవిడ్ భయంతో మనుషులే దొరకలేదు. మిల్వాకీలో మామూలుగా 180 పోలింగు కేంద్రాలుండేవి, ఐదు మిగిలాయి. గ్రీన్ బేలో 31 రెండయ్యాయి. ఎన్నిక వాయిదా వెయ్యాలన్న గవర్నరు మాట చెల్లకుండా అడ్డుపడిన పార్టీలో అసెంబ్లీ స్పీకర్ రాబిన్ వోస్ ముఖ్యులు. ఆయన ఆ రోజు బర్లింగ్టన్‌లో స్వయంగా పోల్ వర్కరుగా డ్యూటీ చేశారు. గౌను, మాస్కు, గ్లౌజులు ధరించి, బయటికొచ్చి ఓటెయ్యడం ఎంతో సురక్షితమని కెమెరాకు చెప్పారు. పోల్ వర్కరు శిక్షణకి ఇంతకన్నా మంచి వీడియో లేదు.

అందరిలోకీ నిజం కాస్త సూటిగా చెప్పింది అరిజోనాలోని మారికోపా కౌంటీలో ఎన్నికలు నడిపే రికార్డర్ హెలెన్ పర్సెల్. 2016 మార్చి ప్రైమరీకి ఆ కౌంటీ పోలింగు కేంద్రాల్ని 2012 నాటి 200 నుంచి 60కి కుదించింది. కొందరు ఐదు గంటలు ఎండలో నిలబడ్డారు. తప్పెవరిదని విలేకరి అడిగితే, క్యూలో నిలబడిన ఓటర్లది అన్నారావిడ. వెంటనే, కేంద్రాలు చాలినన్ని పెట్టని మాదీ కావచ్చని కలిపారు. టీచరమ్మల తరఫున ఆవిడకి కృతజ్ఞతలు చెప్పాలి, మొదటిసారి నింద వేరేవాళ్ల మీదికి వెళ్లింది. క్షమాపణలు, విచారణలు అన్నీ అయ్యాక నవంబరులో ఓటర్లు ఆవిడని ఇంటికి పంపేశారు.

కాలిఫోర్నియా ఈలోగా కొత్త మనుషుల కోసం వల విసిరింది. పదహారేళ్లు నిండిన హైస్కూలు పిల్లలు పోల్ వర్కర్లు కావచ్చు. అయితే జీపీఏ 2.5 ఉండాలి. బ్యాలట్ మీద పేరున్నవాళ్లకి ఆ నిబంధన లేదు. 2014 నుంచి పౌరసత్వం లేని గ్రీన్ కార్డుదారులూ బూత్‌లో పని చేయవచ్చు, ఒక్కో ప్రెసింక్టుకి (ఒక బూత్ పరిధికి) ఐదుగురి దాకా. బే ఏరియాలోని ఓ తెలుగు గ్రీన్ కార్డు హోల్డరు ఆ ఊళ్లో ఓటు వెయ్యలేడు, కానీ ఎవరు ఏ పార్టీ బ్యాలట్ అడగాలో, ఎలా అడగాలో, అడగకపోతే ఏమవుతుందో పొద్దుట్నించి రాత్రి దాకా అమెరికన్ పౌరులకి ఓపిగ్గా బోధించవచ్చు. హెచ్1బీ మీద ఉన్న ఆయన బావమరిదికి ఆ భాగ్యం కూడా ఇంకా లేదు. గ్రీన్ కార్డు క్యూ ముందు జార్జియా క్యూ ఎంత! కాలిఫోర్నియాలో కొన్ని ప్రెసింక్టుల్లో బ్యాలట్ నమూనా తెలుగులోనూ ఉంచుతున్నారు. తెలుగులో చదువుకుని, అసలు ఓటు మాత్రం అధికారిక బ్యాలట్ మీదే వెయ్యాలి. ఆ తెలుగు కాగితం ఉన్నదని ఓటర్లకి చెప్పే పనీ పోల్ వర్కర్లదే, ఆ మూడు గంటల్లోనే నేర్పుతారు.