మౌస్ మర్మజ్ఞుడు

తెలుగు పట్టణాలలో ఫ్లెక్సీ దుకాణాలు, పెళ్లిపత్రికల ముద్రణశాలలు, డీటీపీ సెంటర్లు, హైదరాబాదులోనైతే అద్దాల గోడల వెనుక నడిచే డిజైన్ స్టూడియోలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా ఒక్కడైనా తప్పక కనిపించే వృత్తిజీవి ఒకడున్నాడు. అతనిని మౌస్ మర్మజ్ఞుడు అని వ్యవహరించవచ్చు. వయసు ముప్పైకీ నలభైకీ నడుమ, కుడి మణికట్టుకు నల్లటి పట్టీ, మాటలో ఎముకల వైద్యుని గాంభీర్యం, సొరుగులో అరడజను పాత మౌసులు అతని లక్షణాలు. కొత్త చోటికి వెళ్లినప్పుడు అతడు ముందుగా మనుషులను పలకరించడు, బల్లమీది మౌస్‌పై అరచేయి ఆనించి, రెండుసార్లు అటూ ఇటూ జరిపి, ముఖం చిట్లించి, ఆ తరువాతనే "బాగున్నారా అన్నా?" అని అడుగుతాడు. ఎదుటివాడు బాగున్నానని చెప్పినా అతడు నమ్మడు, ఆ మౌస్‌తో రోజంతా పనిచేసేవాడు బాగుండటం అతని సిద్ధాంతం ప్రకారం అసాధ్యం గనుక.

అతడు అభ్యసించిన విద్యకు ఎర్గోనామిక్స్ అని పేరు. మనిషిని పనిముట్టుకు తగ్గట్టు వంచడం మాని, పనిముట్టునే మనిషి శరీరానికి తగ్గట్టు మలచాలని చెప్పే శాస్త్రం అది. ఈ శాస్త్రంలో అతడు మొదట చేసేది చేతి కొలత: మణికట్టు ముడత నుండి నడిమివేలి కొస వరకు స్కేలుపెట్టి కొలిచి, మౌస్ పొడవు ఆ కొలతకు తగినదో కాదో తేలుస్తాడు. ఆపైన పట్టును చూస్తాడు. అరచేయి మొత్తాన్ని మౌస్ వీపుపై వాల్చేది పామ్ గ్రిప్, అరచేతి మడమను మాత్రం ఆనించి వేళ్లను పంజాలా వంచి పట్టేది క్లా గ్రిప్, అరచేయి తగలకుండా వేలికొసలతోనే నడిపేది ఫింగర్‌టిప్ గ్రిప్. మానవజాతిలో అతనికి ఈ మూడు వర్గాలు తప్ప వేరే భేదాలు కనిపించవు. చెల్లెలికి సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు పెద్దలు అబ్బాయి జీతాన్నీ పొలాన్నీ విచారిస్తూ ఉండగా, అతడు లోపలిగదిలో ఆ అబ్బాయి కంప్యూటర్ వాడే తీరును చూసివచ్చి, "క్లా గ్రిప్ మామయ్యా, తొందర మనిషి, ఆలోచించండి" అని హెచ్చరించగల సమర్థుడు.

మౌస్ వంశచరిత్ర అంతా అతనికి కంఠస్థం. 1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ రూపమివ్వగా పుట్టిన తొలి మౌస్ ఒక చిన్న చెక్కపెట్టె అనీ, దాని అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలుండేవనీ, 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని సభాముఖంగా చూపించారనీ, పేటెంటు మాత్రం 1970లో వచ్చిందనీ, విజిటింగ్ కార్డుల ధర అడగడానికి వచ్చిన ఎరువుల వ్యాపారికి సైతం అతడు నిలబెట్టి చెబుతాడు. 1998లో ఐమ్యాక్‌తో వచ్చిన గుండ్రటి మౌస్ ప్రస్తావన రాగానే అతని గొంతు మారుతుంది, చేతికి ముందేదో వెనుకేదో తెలియని ఆ బిళ్లను రెండేళ్లకే మార్చవలసి వచ్చిందని చెప్పేటప్పుడు ఆ గొంతులో కనిపించే తృప్తి పగతీర్చుకున్నవానిది. 2015లో వచ్చిన మ్యాజిక్ మౌస్‌కు చార్జింగ్ రంధ్రం పొట్టకింద ఉండటం వల్ల దానిని వెల్లకిలా పడుకోబెట్టి పాలుపట్టినట్టు చార్జి చేయాలనీ, అంతసేపూ పని ఆగుతుందనీ, 2024లో ప్లగ్గు రకాన్ని మార్చినా చోటు మార్చలేదనీ అతడు వాపోతాడు. అతని దగ్గర ఆ మౌస్ లేదు, ఎన్నడూ లేదు. పరుల బాధకు కరిగే హృదయం అది.

చరిత్రకన్నా శరీరశాస్త్రం అతనికి ఇంకా ఇష్టం. మణికట్టు లోపలివైపున చిన్న ఎముకల వంపుకూ దానిపై అడ్డంగా బిగిసి ఉండే పట్టీవంటి కణజాలానికీ నడుమ ఒక ఇరుకైన దారి ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మీడియన్ అనే నాడీ ఆ దారిగుండానే అరచేతిలోకి వెళతాయి. దీనినే కార్పల్ టన్నెల్ అంటారు. అక్కడ వాపు వచ్చి నాడి నలిగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి వెళ్లే నాడి వేరు గనుక దానికి ఈ బాధ ఉండదు. ఇదంతా నిజమే, అతడు చెప్పే తీరులోనూ తప్పు లేదు. అయితే పెళ్లిపత్రిక అచ్చువేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి మాటవరుసకు తన చిటికెనవేలు లాగుతోందని అన్నప్పుడు, "అది అల్నార్ నాడి సార్, మన శాఖ కాదు" అని తల అడ్డంగా ఊపడం మాత్రం కొంత అతి.

నవ్వు సంగతి ఎలా ఉన్నా ఆ చేతికి నొప్పి నిజంగానే ఉంది. అది ఎక్కడినుండి వస్తోందో చూడాలంటే స్థానిక నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ ఒకటి తయారయ్యే తీరును దగ్గరగా గమనించాలి. పైవరుసలో పార్టీ పెద్దలు, నడుమ నిలువెత్తున నాయకుడు, కింద శుభాకాంక్షలు తెలిపే ముప్పైమంది ఉంటారు. ఈ ముప్పైమంది ఫోటోలూ వాట్సాప్‌లో నలిగి, ఒకటి పెళ్లిభోజనాల దగ్గర, ఒకటి ట్రాక్టరు పక్కన, ఒకటి ఆధార్ కార్డు నుండి తీసినవై వస్తాయి. ప్రతి బొమ్మ నుండీ మనిషిని మాత్రం వేరుచేయడానికి పెన్ టూల్ వాడాలి, అంటే అంచువెంట చుక్క తరువాత చుక్క పెట్టుకుంటూ, ఒక్కొక్క చుక్క దగ్గర మౌస్ బొత్తాం వదలకుండా లాగి గీతను వంచుకుంటూ తలచుట్టూ తిరిగిరావాలి. ఈ వంపులకు బెజియే వక్రరేఖలని పేరు. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే కారు ఒంటి వంపులను గీయడానికి ప్రాచుర్యంలోకి తెచ్చిన ఆ గణితమే ఇక్కడ మండల నాయకుని మీసం చుట్టూ తిరుగుతోంది. 2018 నుండి ఫోటోషాప్‌లో మనిషిని తానే గుర్తించి వేరుచేసే సదుపాయం ఉన్నమాట నిజమే గాని, నలిగిన ఫోటోలో నల్లజుట్టు వెనుక నల్లతలుపు ఉంటే అది చెవిని వదిలేసి తలుపు గడియను తలలో కలుపుతుంది, ఆ తరువాత మళ్లీ పెన్ టూలే దిక్కు.

చిన్న గురిని చేరడానికి పెద్ద గురికన్నా ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించాడు. దూరం పెరిగినా, గురి చిన్నదైనా చేయి నెమ్మదించక తప్పదు; ఆ నెమ్మదిలో వేళ్లు బిగుస్తాయి, ఊపిరి కూడా బిగుస్తుంది. టైపు చేసేవానికన్నా డిజైనరు చేయి ముందుగా అలిసిపోవడానికి ఇదొక కారణం. ఆ సమయంలోనే అతని కుర్చీ వెనుక నిలబడ్డ ముగ్గురు అనుచరులు తెరపై వేలుపెట్టి, "తమ్ముడూ, అన్న జుట్టు తగ్గకూడదు", "మా బావను కొంచెం ముందుకు జరుపు, లేకపోతే అలుగుతాడు", "ఉపసర్పంచ్ గారి తల సర్పంచ్ గారి తలకన్నా పెద్దదైంది, చూసుకో" అని సవరణలు చెబుతుంటారు. వేలిముద్రలతో మసకబారిన తెరను తుడుస్తూ మర్మజ్ఞుడు మణికట్టు పైకి లేచిన కోణం గురించి చెప్పబోతాడు, వినేవారుండరు.

ఈ బాధకు అతడు కనుగొన్న మందు ఒక్కటే, అది కొత్త మౌస్. దానికోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కిదిగుతాడు, డబ్బాలు విప్పించి చేయిపెట్టి చూస్తాడు, కొనకుండా తిరిగివచ్చి ఆన్‌లైన్‌లో కొంటాడు. మొదట నిలువు మౌస్ వచ్చింది. మామూలు మౌస్ పట్టినప్పుడు అరచేయి కిందికి తిరిగి, ముంజేతి ఎముకలు రెండూ ఒకదానిపై ఒకటి అడ్డంగా పడతాయి. 2018లో లాజిటెక్ తెచ్చిన ఎంఎక్స్ వర్టికల్ వంటివి 57 డిగ్రీల కోణంలో వాలి ఉండటంవల్ల చేయి కరచాలనం చేసే భంగిమలో నిలుస్తుంది, ఆ మెలిక సడలుతుంది. మెలిక సడలింది గాని, వేళ్ల సన్నని కదలికకు అలవాటుపడిన పెన్ టూల్ చుక్కలు ముంజేతి కదలికకు లొంగక నాయకుని చెవిని దాటిపోయాయి. పైగా టీ గ్లాసు అందుకోబోయిన ప్రతిసారీ ఆ గోపురం చేతికి తగిలి పడిపోయింది.

తరువాత వచ్చింది ట్రాక్‌బాల్. మౌస్ కదలదు, పైనున్న బంతిని బొటనవేలితో గాని వేళ్లతో గాని తిప్పితే బాణం గుర్తు కదులుతుంది గనుక మణికట్టుకు విశ్రాంతి. బొటనవేలితో తిప్పేదాన్ని ఎంచుకున్నందువల్ల నొప్పి మణికట్టునుండి బొటనవేలికి మారిందే గాని ఊరు విడిచిపోలేదు. బంతి ఆనే మూడు చిన్న గుబ్బలకు చేతిజిడ్డు పట్టినప్పుడల్లా దానిని ఊడదీసి తుడవాలి. అలా ఊడదీసి బల్లమీద పెట్టిన బంతిని టీ తెచ్చే కుర్రవాడు నేలమీద దొర్లించగా అది ఫ్లెక్సీ యంత్రం కిందికి పోయి, రెండో రోజు బయటపడింది. ఆపైన డ్రాయింగ్ టాబ్లెట్ వచ్చింది. పలకమీది ప్రతి చోటూ తెరమీది ఒక చోటుకు సరిపోతుంది గనుక పెన్నుతో గీయడం చేతికి సహజమనీ, బొమ్మలు వేసేవారికి ఇదే మేలనీ అతడు చెప్పినది సబబే. కాని ఫ్లెక్సీ దుకాణంలో బల్లమీద కనిపించిన పెన్నును బిల్లుమీద సంతకం చేయడానికి తీసుకోని ఖాతాదారు ఉండడు. అది రాయకపోతే విదిలిస్తాడు, అప్పటికీ రాయకపోతే నోటి ఆవిరి పడతాడు, ఆఖరున "మంచి పెన్ను పెట్టుకోవయ్యా" అని సలహా చెప్పి, దానిని జేబుకు తగిలించుకుని వెళతాడు.

ఇన్ని పరికరాలు మారినా మారనివి రెండున్నాయి. మొదటిది బల్ల. కీబోర్డు కింది సొరుగుపలకమీద ఉంటుంది, ఆ పలకపై మౌస్‌కు చోటు చాలదు గనుక అది పైనున్న బల్లమీద ఉంటుంది; దానితో కుడిచేయి ఎడమచేతికన్నా జానెడు ఎత్తున, మోచేయి గాలిలో, భుజం చెవివైపు లేచి పనిచేస్తుంది. మౌస్, కీబోర్డు ఒకే ఎత్తున పక్కపక్కన, మోచేయి ఒంటికి దగ్గరగా ఉండాలన్నది ఈ శాస్త్రపు తొలిపాఠం. ఆ పాఠం మర్మజ్ఞునికి తెలుసు, అందరికీ చెబుతాడు కూడా. వడ్రంగిని పిలవడం మాత్రం ఏనాటికానాడు వాయిదా పడుతుంది. రెండవది కుర్చీ. ఎత్తు సర్దుకునే కుర్చీ దుకాణంలో ఒక్కటే ఉంది, అది గల్లాపెట్టె దగ్గర యజమానిది. మర్మజ్ఞుడు కూర్చునేది ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తు చాలనప్పుడు దానిపై వేసుకునేవి పోయిన ఏటి పెళ్లిపత్రికల నమూనాల ఆల్బమ్‌లు.

వైద్యుడు కూడా చూశాడు. రాత్రి నిద్రలో మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమనీ, పగలు పనిలో మధ్యమధ్య చేయి ఆపమనీ చెప్పాడు. మర్మజ్ఞుడు పట్టీని పగలు నలుగురికీ కనబడేలా కట్టుకుంటాడు, రాత్రి నిద్రపట్టదని విప్పేస్తాడు. అలా విప్పిన చేతితో ఒంటిగంట దాకా ఫోను తెరను వేలితో జరుపుతూ కొత్త మౌసుల సమీక్షలు చదువుతాడు. శుభకార్యాలలో పిన్నమ్మలు "చెయ్యి విరిగిందా నాయనా?" అని అడిగితే, పప్పన్నం కలపడం ఆపి, తొమ్మిది స్నాయువులతో మొదలుపెడతాడు.

అతని పక్కబల్లమీద పనిచేసే పెద్దాయన, పేజ్‌మేకర్ కాలం నుండి ఉన్నవాడు, దుకాణంవారు ఇచ్చిన చవక మౌస్‌తోనే నెట్టుకొస్తుంటాడు. "బాబాయ్, నీ మణికట్టు బాగా పైకి లేస్తోంది" అని మర్మజ్ఞుడు హెచ్చరిస్తే, "లేవనీరా, టీ తాగొద్దాం పద" అని లేచిపోతాడు. ఆయనకు నొప్పి లేకపోవడం జన్మతః వచ్చిన అదృష్టమని మర్మజ్ఞుని నిశ్చితాభిప్రాయం. గమనించి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది: ఆయన ఎడమచేయి కీబోర్డును వదలదు, కోరల్‌డ్రాలో బొమ్మ మొత్తం చూడాలంటే ఎఫ్4, చుక్కలు సవరించాలంటే ఎఫ్10, పేజీ నడుమకు తేవాలంటే పి, నకలు కావాలంటే కంట్రోల్‌తో డి నొక్కుతాడు. మెనూలలోకి దిగే ప్రయాణాలన్నీ ఎడమచేతికి అప్పగించినందువల్ల కుడిచేయి సగంసేపు ఖాళీ. మిగిలిన సగంలో టీ ఉంది, కాగితాలు కోసే మనిషితో కబుర్లున్నాయి, కరెంటు కోత ఉంది. ఎర్గోనామిక్స్ అనే మాటను ఆయన ఒక్కసారి పలకబోయి విరమించుకున్నాడు.

ఈ విషయంలో మర్మజ్ఞునిది అజ్ఞానం కాదు. కొనుక్కోగల నివారణలను మాత్రమే నమ్మే బలహీనత అది, అందులో అతడు ఒంటరివాడు కూడా కాదు. అతని చేతిపై పడే భారంలో ఖాతాదారుల వాటా ఎక్కువ గనుక వారికొక మనవి. ఫ్లెక్సీకి ఇచ్చే ఫోటోలను సాదా గోడముందు వెలుతురులో తీసి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు అవి నలగవు; ఎవరి తల ఎంత పెద్దదో, ఎవరి పేరు ఎవరి పక్కనో ఇంటిదగ్గరే కాగితంమీద తేల్చుకుని వెళ్లండి; తెరమీద వేలు పెట్టకండి; సంతకానికి పెన్ను వెంట తీసుకెళ్లండి. కుర్చీ సంగతి యజమాని చూసుకోవాలి.