మేకులు దిగని నేల

మూడు రోజులుగా జర్మనీలోని జీగెన్‌లో ఒక స్టూడెంట్ హాస్టల్ బాల్కనీలో, దండెం మీద వేలాడుతున్నాను. ఆరాననుకునేలోపే మళ్లీ చినుకు. ఇక్కడి వాన కురిసి పోయే రకం కాదు, సెలవు పెట్టి వచ్చిన చుట్టంలా తిష్ఠ వేస్తుంది.

నేను ఇద్దరు పడుకునే టెంటును. ఇప్పుడు నా యజమాని అనంతపురం కుర్రాడు. పాత సామాన్ల సంతలో పదిహేను యూరోలకు కొన్నాడు. అమ్మినాయన రిటైరైన టీచరు. నాకు లోకం చూపించింది ఆయనే. లోకం అంటే మరేం లేదు, అమెరికాలోని కొలరాడోలో మెసా వెర్డే.

అక్కడ నేల నన్ను ఒప్పుకోలేదు. మేకులు కొడితే వంకర్లు పోయాయి తప్ప దిగలేదు. చివరికి నాలుగు మూలలా రాళ్లు పెట్టి నిలబెట్టారు. ఏడు వేల అడుగులకు పైన ఎత్తు. పగలు నా గుడ్డ పెనంలా కాలేది, తెల్లారుజామున ఆయన రెండు స్వెటర్లేసుకుని వణికేవాడు. జూనిపర్ చెట్ల వాసన మాత్రం ఇప్పటికీ నా జిప్పుల్లో ఉందని నా నమ్మకం.

కొండచరియల ఇళ్లను నేను చూడలేదు. టెంటును అక్కడికెవరు తీసుకెళ్తారు? ఆయన పగలంతా తిరిగొచ్చి, రాత్రి లాంతరు వెలుగులో భార్యకు చెబుతుంటే విన్నాను. కొండ కడుపులోని తొర్రలో క్లిఫ్ ప్యాలెస్ అని సుమారు 150 గదుల ఊరు. ప్వెబ్లో జనం పూర్వీకులు పదమూడో శతాబ్దంలో ఇసుకరాయి చెక్కి, మట్టితో అతికి కట్టారు. గోడల మట్టిలో వాళ్ల వేలిముద్రలు ఇంకా ఉన్నాయట. పైన మొక్కజొన్న చేలు, కింద ఇళ్లు. రాతిలో తొలిచిన చిన్న చిన్న గుంటల్లో కాళ్లూ వేళ్లూ పెట్టి ఎక్కీ దిగీ బతికారు. 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు. చెట్ల కాండాల్లోని వలయాలు లెక్కపెట్టి తేల్చారు. కరువొక్కటే కాదు, తగాదాలూ ఉన్నాయంటారు. 1300 నాటికి ఊరు ఖాళీ.

"మాయమైపోయారు" అని ఆయన గొంతు తగ్గించి అన్నాడు. భార్య ఊరుకోలేదు. "మాయం కావడమేమిటి? దక్షిణాదికి వెళ్లారు. హోపీ, జూనీ జనం వాళ్ల వారసులే, ఇప్పటికీ ఉన్నారు" అంది. ఆమెదే సరైన మాట.

సంతలో నన్ను అమ్ముతూ ఆ టీచరు ఇదంతా కుర్రాడికి చెప్పాడు. వీడు విస్తుపోలేదు. గదికొచ్చాక స్నేహితుడితో, "వానల్లేకుంటే యాడికి పోతారప్పా? మా ఊర్లో బెంగుళూరుకి పోయినట్లే పోయింటారు" అన్నాడు. ఇంత సూటిగా అర్థం చేసుకున్నవాణ్ణి నేను చూడలేదు.

పోయిన శనివారం ఇద్దరూ నన్ను మోసుకుని జీగెన్‌కు ఉత్తరాన మ్యూజెన్ దగ్గర ఆల్టెన్‌బెర్గ్‌కు బయల్దేరారు. అక్కడ వెండి, సీసం తవ్వుకున్న గనివాళ్ల పల్లె ఉండేది. అదీ పదమూడో శతాబ్దపుదే! మెసా వెర్డేలో వాళ్లు కొండ మీద నీళ్ల కోసం చూస్తుంటే, ఇక్కడ వీళ్లు కొండలోకి దిగి ఖనిజం తీశారు. ఈ ఊరూ ఖాళీ అయిపోయింది. 1970లలో తవ్వితే గోడల పునాదులు బయటపడ్డాయి. ఈ పల్లెకు కరువు కారణమని మాత్రం ఎవరూ అనరు. వానకు కొదవా ఇక్కడ!

పునాదులకు కాస్త దూరంలో, అడవి అంచున నన్ను వేశారు. మేకులు వెన్నలోకి దిగినట్టు దిగిపోయాయి. నేను పొంగిపోయేలోపే కుక్కను తిప్పుతూ ఒక పెద్దాయన వచ్చి, ఈ అడవిలో టెంటు వేసుకుని పడుకోకూడదని మర్యాదగానే చెప్పాడు. వాన మొదలైంది. తడిసిన నన్ను అలాగే చుట్టి సంచిలో కుక్కి, ఆఖరి బస్సు పట్టుకున్నారు. ఆదివారమంతా ఆ సంచిలోనే ఉన్నాను. సోమవారం విప్పేసరికి కుట్ల వెంట నల్లటి బూజు చుక్కలు.

మెసా వెర్డేలో వారం ఉన్నా నాకు ఒక్క మచ్చ పడలేదు. మీ ఇంట్లో టెంటుంటే, దయచేసి తడిగా చుట్టిపెట్టకండి. ఎంత రాత్రయినా సరే, రాగానే ఆరేయండి.