సరదాకేనండీ, సీరియస్‌గా తీసుకోకండి!

సూరత్‌లో చలికాలమంటే పొంక్ కాలం. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన పచ్చటి గింజలు, పైన సన్న కారప్పూస, పిండిన నిమ్మకాయ, పక్కన వేడి వేడి వడలు. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీవాళ్లకి సామెతే ఉంది. అలాంటి ఊళ్లో, అందులోనూ ఆల్థాన్‌లో, మా సొసైటీలో ఉండే ఓ తెలుగు పెద్దమనిషి జనవరి తెల్లవారుజామున లేచి, సైకిల్ భుజాన వేసుకుని బురదలో పరిగెడదాం రమ్మని గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఎందుకు సార్ అని అడిగితే, "జస్ట్ సరదాకేనండీ!"

ఇది ఆయన సొంత బుర్రలో పుట్టింది కాదు. పేరు సైక్లోక్రాస్. ఫ్రాన్స్‌లో డానియెల్ గూసో అనే ఆయన 1902లోనే దీనికి జాతీయ పోటీ పెట్టాడు. 1910లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఒక్టావ్ లాపీజ్, ఆ గెలుపు ఈ బురద పందేల పుణ్యమేనన్నాక మోజు పెరిగింది. 1950లో పారిస్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. ఇప్పుడు బెల్జియంలో దీనికి వేలంవెర్రి. చుట్టు మూడు కిలోమీటర్లకి అటూ ఇటూ, పెద్దవాళ్లకి పందెం గంటసేపు. దారిలో 40 సెంటీమీటర్ల ఎత్తున చెక్కలు అడ్డం పెడతారు. సైకిల్ దిగాలి, ఎత్తాలి, దూకాలి, మళ్లీ ఎక్కాలి. బురద పట్టి సైకిల్ బరువెక్కితే పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. మొదటిదాన్ని కడగడానికి ఓ మనిషి. రెండు సైకిళ్లు, ఓ కడిగేవాడు. సరదా సంసారం ఖర్చు అక్కడే తెలిసిపోతోంది.

అక్కడివాళ్లకి ఓ కారణం ఉంది. రోడ్డు పందేలు లేని చలికాలంలో ఒంట్లో సత్తువ పోకూడదు. మంచులో కాళ్లు కొయ్యబారకుండా మధ్య మధ్య దిగి పరిగెత్తడమూ మంచిదే. మరి ఇక్కడ? సూరత్‌లో జనవరి రాత్రి కూడా సుమారు 15 డిగ్రీలు. దానికే మంకీ క్యాపులు బయటికి తీస్తారనుకోండి, అది వేరే సంగతి. అసలు చిక్కు బురదది. వాన వెళ్లిపోయి మూడు నెలలు. ఇక్కడి నల్లరేగడి ఎండి, నెర్రెలిచ్చి, పెంకులా ఉంటుంది. "మరి బురద ఎలా సార్?" అంటే, "ట్యాంకర్ మాట్లాడాం" అన్నారు.

రేగడిని తడపడమంటే ఏమిటో ఆయన మరిచిపోయినట్టున్నారు. కరీంనగర్ జిల్లాలో ఆయన పుట్టిన పల్లెలో తొలకరికి చేలోంచి సైకిల్ తోసుకొచ్చినవాణ్ణెవణ్ణయినా అడగండి. పది అడుగులకే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య మట్టి కూరుకుపోతుంది. చక్రం తిరగదు. పుల్ల వెతికి గీకాలి, ఇంకో పది అడుగులు వెయ్యాలి, మళ్లీ గీకాలి. చెప్పులకి పట్టిన మట్టి చెప్పుల కన్నా బరువు. మడ్‌గార్డు లేని సైకిలైనా ఫోర్కు దగ్గర గతి అంతే. సైక్లోక్రాస్‌లో సైకిల్ మొయ్యడం కొంత భాగం. మన రేగట్లో మొత్తం అదే. అన్నట్టు, వానాకాలం ఖాడీ (వాగు) పొంగితే లింబాయత్ వైపు మగ్గాలకి వెళ్లే మన తెలుగువాళ్లు ఈ విద్యంతా చేసి చూపిస్తారు. వాళ్లకి నంబరు బిళ్ల ఉండదు, ప్రవేశ రుసుమూ ఉండదు.

ఇంతకీ నాకు బురద మీద కోపం లేదు. ఆ "సరదాకే" మీదే. అది ముందస్తు బెయిలు. ఓడిపోతే, "సరదాకి దిగాం కదండీ." గెలిస్తే, "సరదాకి దిగితేనే ఇలా ఉంది, ఇక సీరియస్‌గా దిగి ఉంటేనా!" ఏ తీర్పు వచ్చినా ముద్దాయి నిర్దోషే. సంక్రాంతికి భీమవరం బరుల దగ్గరా ఇదే వాదన వినిపిస్తుంది: సంప్రదాయం, సరదా. లక్షలు చేతులు మారతాయి, చివరికి సరదా లేకుండా పోయేది కోడికొక్కదానికే.

మా పెద్దమనిషి సరదా ఎంత ముదిరిందో చూడాలంటే ఆయన వంటింట్లోకి వెళ్లాలి. జీలకర్ర తూచే చిన్న కాటా మీద సీటు బిగించే బోల్టు ఉంది. పాతది ఎన్ని గ్రాములో, కొత్తది ఎన్ని గ్రాములో డైరీలో రాసుకున్నారు. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ సమాఖ్య నియమం. ఆల్థాన్‌లో కొలిచే అధికారి ఎవరూ రారు. అయినా గాలి కొట్టి ఒకసారి, తీసి ఒకసారి, వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచారు. ఆ బోల్టు మిగిల్చే గ్రాముల కన్నా ఆయన రాత్రి తిన్న ఉంధియు బరువెక్కువ అని వాళ్లావిడ అన్నారు. సరదా మనిషి నవ్వాలి కదా, నవ్వలేదు.

ఈ ముదురుడికి అంతెక్కడో 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో తెలిసింది. ప్రపంచ పోటీల్లో పంతొమ్మిదేళ్ల అమ్మాయి సైకిల్‌ని తనిఖీ చేస్తే గొట్టంలో దాచిన మోటారు దొరికింది. ఆ సైకిల్ నాది కాదు, స్నేహితుడిదంది. ఆరేళ్లు నిషేధం వేశారు. మోటారే కావాలంటే మన ఊళ్లో మోపెడ్‌కి మించిన వాహనం లేదు. చీరల మూటలు ఎంత ఎత్తున కట్టినా లాగుతుంది, దాచే పని కూడా లేదు.

సరే, నిజంగా సరదాకే అయితే సరదాగానే పెడదామని నేనో సవరణ ప్రతిపాదించాను. గడియారాలు ఇంట్లో పెట్టి రావాలి. ఎవరు ముందో ఎవరు వెనకో రాయకూడదు. ఫొటోలు వద్దు. పందెం అయ్యాక అందరికీ పొంక్. సైకిల్ లేనివాళ్లు నేరుగా పొంక్ దగ్గరికే రావచ్చు. గ్రూపులో అరగంట ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఆయనే విడిగా ఫోన్ చేశారు.

"అంతా బావుందండీ. ఫినిషర్ మెడల్ మాత్రం ఉంటుంది కదా?"