నగర పాలకులు వినకూడని నాలుగు సలహాలు

ఒకే పరిశ్రమ మీద బతికే నగరానికి సలహాలకు కొదవ ఉండదు. కన్సల్టెంట్లు చెబుతారు, కంపెనీలు చెబుతాయి, ఎన్నికలు దగ్గరపడితే నాయకులూ చెబుతారు. అమెరికాలోని డెట్రాయిట్ ఆ సలహాల్లో చాలావాటిని పాటించి చూసింది. 1950లో 18.5 లక్షల జనం ఉన్న ఆ కార్ల రాజధానిలో 2010 నాటికి మిగిలింది 7.14 లక్షల మంది. 2013 జూలైలో నగరపాలక సంస్థే దివాలా పిటిషన్ వేసింది. జాతి వివక్ష, శివార్లకు తరలిపోయిన ఫ్యాక్టరీలు వంటి కారణాలు ఆ పతనానికి చాలా ఉన్నాయి. కానీ కోలుకోవడానికి ఎంచుకున్న దారుల్లో కొన్ని ఆ ఊరిని మరింత అలసిపోయేలా చేశాయి. మన నగరాల్లోనూ ఇవే మాటలు వినిపిస్తాయి కాబట్టి, ఒక్కొక్కటే చూద్దాం.

సలహా 1: "మనకు బాగా వచ్చిన పనినే పట్టుకుని ఉందాం."

డెట్రాయిట్ కార్లతో పుట్టిన ఊరు కాదు. 19వ శతాబ్దంలో అక్కడ ఓడలు కట్టేవారు, రైలు పెట్టెలు చేసేవారు, ఇనుప పొయ్యిలు పోతపోసేవారు, మందులు తయారుచేసేవారు. హెన్రీ ఫోర్డ్ కుర్రతనంలో ఇంజిన్ల పని నేర్చుకున్నది ఓడల కర్మాగారంలోనే. తర్వాత కార్లు తయారుచేసిన డాడ్జ్ సోదరులదీ మొదట ఒక మెషిన్ షాపే. రకరకాల పనివాళ్లు అప్పటికే ఊళ్లో ఉండబట్టే కార్ల పరిశ్రమ అంత వేగంగా ఎదిగింది. ఎదిగాక మూడు పెద్ద కంపెనీలు ఆ నైపుణ్యాన్నంతా తమలో కలిపేసుకున్నాయి. ఇక కార్ల అమ్మకాలు తగ్గినప్పుడల్లా ఊరంతా కుదేలైంది.

సలహా 2: "ఒక్క బ్రహ్మాండమైన భవనం కడితే వ్యాపారాలు వాటంతట అవే వస్తాయి."

1977లో నది ఒడ్డున రెనసాన్స్ సెంటర్ తెరిచారు. నడుమ 73 అంతస్తుల హోటల్, చుట్టూ ఆఫీసు టవర్లు. చాలావరకు జరిగిందేమిటంటే, ఊళ్లోని పాత భవనాల్లో ఉన్న ఆఫీసులు ఇందులోకి మారాయి, ఆ భవనాలు ఖాళీ అయ్యాయి. పైగా వీధి వైపు కాంక్రీటు గట్లు కట్టడంతో లోపలివాళ్లకు బయటి దుకాణాలతో సంబంధమే తెగిపోయింది. ఆ గట్లను తర్వాత తొలగించాల్సి వచ్చింది.

సలహా 3: "పెద్ద ఫ్యాక్టరీ వస్తానంటే ఎంత అడిగితే అంత ఇచ్చెయ్యండి."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన సలహా ఇదే. 1981లో జనరల్ మోటార్స్ ప్లాంటు కోసం పోల్‌టౌన్ అనే పేటను నగరం బలవంతంగా సేకరించింది. పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు కలిసి బతికిన చోటది. నాలుగు వేలకు పైగా జనం ఇళ్లు వదిలారు. చర్చీలు కూల్చారు. సుమారు 140 వ్యాపారాలు పోయాయి. ఆర్థిక వ్యవస్థను విస్తరించాలనుకున్న నగరం, తన చేతిలో ఉన్న వైవిధ్యాన్నే బుల్డోజర్ కింద పెట్టింది. 1985లో ప్లాంటు తెరుచుకుంది కానీ, ఆశ చూపించిన సుమారు 6,000 ఉద్యోగాలు రాలేదు. భూసేకరణను సమర్థించిన మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టే 2004లో ఆ తీర్పు తప్పని తేల్చింది. కూలిన పేట మాత్రం తిరిగి రాలేదు.

సలహా 4: "క్యాసినో తెరిస్తే ఖజానా నిండుతుంది."

1994లో నది అవతల కెనడా నగరం విండ్సర్‌లో క్యాసినో మొదలైంది. డబ్బు అటు పోతోందని 1999 నుంచి డెట్రాయిట్‌లోనూ తెరిచారు. పన్ను రాబడి వచ్చింది, నిజమే. అయినా 2013లో దివాలా తప్పలేదు. 2020లో కరోనా వల్ల నెలల తరబడి తలుపులు మూతపడగానే ఆ రాబడీ ఆగిపోయింది. కార్ల మీద ఆధారపడ్డ ఊరు జూదం మీద కూడా ఆధారపడటం నేర్చుకుంది, అంతే.

మరి చేయాల్సిందేమిటి? జవాబు డెట్రాయిట్‌లోనే ఉంది. 1891 నుంచి అదే చోట నడుస్తున్న ఈస్టర్న్ మార్కెట్‌లో రైతులు, మాంసం వ్యాపారులు, చిన్న ఆహార తయారీదార్లు పక్కపక్కనే బతుకుతున్నారు. 2015లో మొదలైన మోటార్ సిటీ మ్యాచ్ పథకం ఖాళీ షాపుల యజమానులను, చోటు కోసం వెతికే చిన్న వ్యాపారులను కలిపి గ్రాంట్లు ఇస్తోంది. ఇలాంటి వాటికి శిలాఫలకాలు, రిబ్బన్ కత్తిరింపులు తక్కువే. కానీ వందమంది యజమానులు ఒకే రోజు ఊరు విడిచిపోరు.

అందుకే మీ ఊరి కౌన్సిల్ ముందుకు ఏ పెద్ద ప్రాజెక్టు వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. దీనివల్ల ఇప్పుడున్న వ్యాపారాలు ఎన్ని పోతాయి? దీని చుట్టూ సొంతంగా పని మొదలుపెట్టగలిగేవాళ్లు ఎందరు? ఈ కంపెనీ రేపు వెళ్లిపోతే ఇక్కడి పనివాళ్లకు ఊళ్లో ఇంకెవరు ఉద్యోగమిస్తారు? మూడింటికీ కాగితం మీద జవాబు ఇచ్చేదాకా ఒక్క సెంటు భూమి కూడా ఇవ్వనివ్వకండి.