మైల

శేషాచలం కొండల కిందున్న పల్లెల్లో ఇల్లంటే మనుషులదొక్కటే కాదు. గోడల మీద బల్లులు, గడప సందులో తేళ్లు, వానలు మొదలైతే నీళ్లతొట్టి దగ్గర కప్పలు, ఆ కప్పల కోసం పాములు. మామిడి కాపు అయిపోయాక కోతుల దండు వంటింట్లోకే దిగుతుంది. వీటన్నిటితో వేగడం అక్కడి ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా పెద్దమ్మ అయితే పెరట్లో పాము కనిపించినా కర్ర పట్టదు. దూరంగా నిలబడి చేతులు జోడించి, "పో నాయనా, నీ దోవన నువ్వు పో" అంటుంది. అది వెళ్లేదాకా పసిపిల్లల్ని బయటికి రానివ్వదు, అంతే.

ఆ ఏడు చెనిక్కాయలకు రేటు లేక, మూటలన్నీ పెదనాయన మూలగదిలో వేసి పెట్టాడు. మూటలున్న చోటికి ఎలకలు రావా! రాత్రంతా గోతాలు కొరికిన చప్పుడే. మందు పెడితే ఎక్కడో సందులో చచ్చి కంపు కొడతాయని పెద్దమ్మ పెట్టనివ్వలేదు.

ఒక రాత్రి ఆమె ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"ఏమయ్యా, లెయ్యి. వాసన చూడు."

"ఏం వాసనమ్మే ఈ పొద్దులో?"

"గుళ్లో వాసన."

పెళ్లయిన కొత్తలో పెద్దమ్మకు తిరుమలలో ఒక శుక్రవారం అభిషేకం చూసే భాగ్యం దక్కింది. ఆ తెల్లవారుజామున గర్భగుడి వైపు నుంచి వచ్చిన పరిమళాన్ని ఆమె ఇన్నేళ్లూ మరిచిపోలేదు. కర్పూరం కాదు, చందనం కాదు, పూలు అసలే కాదు. ఏమిటో చెప్పలేదు గానీ, మళ్లీ తగిలితే గుర్తుపడతాననేది. ఇప్పుడు గుర్తుపట్టింది. చీకట్లోనే కాళ్లూ చేతులూ కడుక్కుని దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

ఆ రోజు మొదలు, అర్ధరాత్రి దాటాక వాసన రావడం, పెద్దమ్మ లేచి దీపం వెలిగించడం మామూలైంది. వీధిలో ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి పడుకుని తామూ చూశామన్నారు. నిజంగానే చూశారు. నేను వెళ్లినప్పుడు నాకూ తగిలింది. ముక్కుకు అందీ అందనట్టు, తీయగా, కాస్త ఘాటుగా గాలిలో తేలే వాసన. నమ్మిక లేనివాడు కూడా ఒక్క క్షణం ఆగి పీల్చుకునే వాసన.

ఇంకో వింత, ఎలకల చప్పుడు ఆగిపోయింది. చెనిక్కాయ మూటల్లో కొత్తగా ఒక్కటి కూడా చిల్లి పడలేదు. "స్వామి అడుగు పెట్టిన ఇంట్లో వాటికేం పని?" అంది పెద్దమ్మ. ఇల్లు రెండుపూటలా తుడిచింది. నీచు మానేసింది. చెప్పులు గేటు బయటే విడవాలని మనవళ్లకు కట్టడి చేసింది.

బేరగాడు వచ్చిన రోజు పెదనాయన మూలగది తలుపు తీశాడు. తీసినవాడు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. లోపల భరించలేని కంపు. మూటల వెనక, గోడ మూలలో రెండు కళ్లు మెరిశాయి.

"ఏదో ఉంది రా లోపల!"

నిమిషంలో వీధంతా వాకిట్లో పోగైంది. పిల్లి కాదన్నారు. ముంగిస కాదన్నారు. తోకకు కట్లున్నాయని ఒకడు, మూతి నక్కలా ఉందని ఇంకొకడు. చివరికి ఎవరో అననే అన్నారు: "ఇది పీనుగుల్ని తవ్వుకుని తినేది. చంటిబిడ్డల్ని కూడా వదలదంట." పేరు తెలియని ప్రతి జంతువు మీదా మన ఊళ్లలో పడే నింద ఇది. ఆ మాట పుడితే ఇక ఆ ప్రాణి బతకదు. మూడు నాలుగు కిలోల బరువుండే జంతువు అది. పగలంతా ముడుచుకుని పడుకుని, చీకటి పడ్డాక ఎలకల్నీ పురుగుల్నీ రాలిన పండ్లనీ తిని బతికేది. అదనుంటే ఒక కోడిపిల్లను ఎత్తుకుపోతుందేమో గానీ, బిడ్డ జోలికి పోయేది కాదు. ఆ వాకిట్లో ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

పెదనాయన వెనకాడాడు. "వెనక తలుపు తీసిపెడితే రాత్రికి అదే పోతుందిలే" అన్నాడు.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. పామును దండం పెట్టి పంపే మనిషి, ఆ రోజు కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది. "స్వామి తిరుగుతున్న ఇల్లు ఇది. ఇంత కంపు కొట్టే పీడ ఈ గోడల మధ్య ఉండకూడదు. కొట్టండిరా!"

కుర్రవాళ్లు దుడ్డుకర్రలతో దిగారు. ఎంతోసేపు పట్టలేదు.

ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టింది వాళ్లే. "మా ఊళ్లో వింత జంతువు హతం" అని. సాయంత్రానికి అటవీ శాఖ బీట్ ఆఫీసరు బైకు మీద వచ్చాడు. నడివయసు మనిషి, కేకలేయలేదు. గోతాం పట్ట తీసి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. బూడిద రంగు ఒళ్లు, వీపు మీద తోక దాకా పొడుగ్గా నల్లటి చారలు, పక్కల వరసగా మచ్చలు, తోకకు నలుపు కట్లు. మూతి దగ్గర నెత్తురు ఎండిపోయింది. కాళ్లు పొట్టిగా ఉన్నాయి. వేళ్ల మధ్య చెనిక్కాయ పొట్టు ఇరుక్కుని ఉంది.

"పునుగుపిల్లి" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలోంచి ఒక్క అడుగు ముందుకు వేసింది. "ఏం పిల్లి సార్?"

"పునుగుపిల్లమ్మా. తోక కింద తిత్తి ఉంటుంది, అందులోంచి జిడ్డులాంటిది ఊరుతుంది. తాను తిరిగే చోటల్లా గోడలకీ గుంజలకీ రాసిపోతుంది. దగ్గర్నుంచి పీలిస్తే కంపు, కడుపులో తిప్పుతుంది. అదే పల్చబడి దూరం నుంచి వస్తే మంచి వాసన. తిరుపతిలో దేవస్థానం వాళ్లు బోనుల్లో వీటిని పెంచి, చందనపు కర్ర పెట్టి, దానికి ఇవి రాసిన తైలం తీస్తారు. శుక్రవారం అభిషేకం అయ్యాక మూలవిరాట్టుకు పూసేది అదే." ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మీ ఇంట్లో ఈమధ్య రాత్రిళ్లు ఏమన్నా వాసన వచ్చిందామ్మా?"

ఎవ్వరూ మాట్లాడలేదు. ముందు రాత్రి దాకా ఇక్కడే పడుకుని వాసన చూసిన ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. దాని కింద కేసు తప్పదు. ఆయన అరుగు మీద కూర్చుని కాగితాలు తీశాడు. కుర్రవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. పెదనాయన, "ఇల్లు నాది, నా పేరు రాసుకోండి" అన్నాడు.

"రాసుకుంటా. చంపమని చెప్పిందెవరు?"

"నేను" అంది పెద్దమ్మ.

"ఎందుకు చంపమన్నారమ్మా? కోళ్లేమన్నా పట్టిందా? ఎవర్నన్నా కరిచిందా?"

ఆమె ఏదీ దాచలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. ఆ వాంగ్మూలంలో కారణం అన్న చోట ఇలా ఉంది: "మా ఇంటికి వేంకటేశ్వర స్వామి వస్తున్నాడు. ఆయనకు మైల తగలకూడదని చంపమన్నాను."