బండి పోయింది, పేరు పోలేదు

తిరుపతిలో ఒక కారు అమ్మకానికి వచ్చిందంటే చాలు, నిన్నటిదాకా లేని సుగుణాలన్నీ దానికి పుట్టుకొస్తాయి. అది సింగిల్ ఓనర్ బండి అయిపోతుంది. డాక్టరు నడిపిన బండి అయిపోతుంది. డాక్టరు దొరక్కపోతే లెక్చరరు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది, నెలకోసారి కొండకు పోయి వచ్చేదంతే అని కూడా చెబుతారు. చెప్పేవాళ్లకు ఆ చివరి మాట గొప్పగానే ఉంటుంది గానీ, వినే మెకానిక్కు వేరే దృశ్యం కనబడుతుంది. 1974లో తెరిచిన ఎగువ ఘాట్ రోడ్డు, సెలవు రోజు, ముందర బస్సు, వెనక జీపు, మధ్యలో క్లచ్ మీంచి కాలు తీయని కొత్త డ్రైవరు. దర్శనం పుణ్యం యజమానికి, అరుగుదల క్లచ్ ప్లేటుకు.

ఇక్కడ అమ్మినాయన డాక్టరూ కాదు, లెక్చరరూ కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బండిది ఏపీ 03 నంబరు, అంటే 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ రాకముందు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రిజిస్టరైనది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, అన్నదమ్ములు వేరుపడినా మారని ఇంటిపేరులా బండి మీద నంబరు అట్లే ఉండిపోయింది.

కొన్నాయనది చిత్తూరు దగ్గర పల్లె, మామిడి తోట. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వైపు నుంచి కలిపి 12 రూపాయలు అందేలా చూస్తామని చెప్పాల్సి వచ్చిన సీజను ఒకటి ఉంది గదా, ఆ సీజనంతా పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరు మీద జాగారం చేసిన రైతు. రూపాయి కోసం అన్ని రాత్రులు మేలుకున్న మనిషితో బేరానికి కూర్చోవడం, జీవితమంతా కౌంటరు వెనక కూర్చున్న మనిషికి తేలికేమీ కాదు. అయినా బేరం కుదిరింది. కుదరడం కాదు, అమ్మినాయన అలిసిపోయాడు.

శుక్రవారం లక్ష్మిని బయటికి పంపనని ఈ ఇంటావిడ, మంగళవారం కొత్త బండి ఇంటికి తేవద్దని ఆ ఇంటి ముసలామె. రాహుకాలం, అష్టమి, అన్నీ పోగా మిగిలిన ఒక మధ్యాహ్నం డబ్బు ఈ చేతికి, తాళంచెవి ఆ చేతికి మారాయి. ఫారం 29, ఫారం 30 మీద చూపించిన చోటల్లా అమ్మినాయన సంతకాలు పెట్టాడు. "ఆఫీసు చుట్టూరా మీరెందుకు సార్ తిరగడం, పేరు నేను మార్పించుకుంటా గదా" అన్నాడు కొన్నాయన, ఎంతో దయగా. ఆధార్ జిరాక్సు, సి బుక్కు, సంతకాల ఫారాలు అన్నీ కలిసి డ్యాష్‌బోర్డు అరలోకి పోయాయి. ఆ దయే అసలు ప్రమాదమని అప్పటికి ఎవరికీ తోచలేదు.

ఫోను మరునాడు పొద్దున్నే మోగింది.

"సార్, బండిలో ఏందో కిర్రుమంటా ఉండాది."

"ఎక్కడండీ?"

"ఎక్కడని తెలిస్తే మీకెందుకు సార్ ఫోన్ చేస్తాను?"

అక్కడి నుంచి మొదలు. ఏసీ చల్లగా లేదు, అదీ మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద నిలబడి. ఎడమ పక్క అద్దం తనంతట తనే దిగుతోంది. మైలేజీ చెప్పినంత రావడం లేదు. ఊళ్లో షెడ్డు మేస్త్రీకి చూపిస్తే బానెట్ ఎత్తీ ఎత్తక ముందే "ఎవురన్నా ఈ బండికి పని చేసింది?" అన్నాడట. ఏ మేస్త్రీ అయినా ముందు అనేది ఆ మాటే. ఇంకొకడి పనిని మెచ్చుకున్న మెకానిక్ రాయలసీమలో ఇంకా పుట్టలేదని ఈ వ్యాసకర్త నమ్మకం. తర్వాత క్లచ్ వంతు వచ్చింది. ఇంటిల్లిపాదినీ, పక్కింటి అత్తనూ ఎక్కించుకుని కొండకు పోయి వచ్చిన మరుసటి రోజే క్లచ్ "ముందు నుంచీ పోయుండాది" అని తేలింది.

ఒకసారి జీఎస్టీ గురించి కూడా ఫోనొచ్చింది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ పాత కార్ల మీద పన్ను 18 శాతానికి పెంచిందని ఎవరో చెప్పారట. "మీరు కట్టినారా సార్? కట్టకుంటే ఆ సొమ్ము నాకు తగ్గించాల గదా?" ఆ పన్ను వర్తించేది రిజిస్టరైన వ్యాపారికి. ఆ వ్యాపారికైనా బండి ధర మొత్తం మీద కాదు, మిగిలిన లాభం మీద. ఇంట్లో వాడిన కారును ఇంకొకాయనకు అమ్ముకున్న మామూలు మనిషికి దాంతో పనిలేదు. బ్యాంకాయన ఇదంతా ఓపిగ్గా, ఉదాహరణలతో సహా వివరించాడు. అంతా విని కొన్నాయన, "అయితే ఒక పదివేలు ఇచ్చేయండి సార్, సరిపోతాది" అన్నాడు.

జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ఇలాంటి అనుమానం మీదే ఒక వ్యాసం రాశాడు. పాత కార్ల బజారులో అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. ఆ భయంతో కొనేవాడు మంచి బండికి కూడా మంచి ధర ఇవ్వడు. ఆ ధర చూసి మంచి బండి ఉన్నవాడు అసలు అమ్మడానికే రాడు. ఈ మాట అచ్చు వేయడానికి మూడు పత్రికలు ఒప్పుకోలేదు, 2001లో నోబెల్ వచ్చింది. ఆ వ్యాసంలో మన దేశం బియ్యం ప్రస్తావన కూడా ఉంది. బజారు బియ్యంలో అదే రంగు రాళ్లు కావాలనే కలుపుతారని, ఇంటి ఆడవాళ్లు ఏరుకోక తప్పదని. కొన్నాయనకూ ఏరడం బాగా తెలుసు. కాకపోతే డబ్బులిచ్చి తెచ్చుకుని, వండి తిన్నాక మొదలుపెట్టాడు.

చట్టం ఇక్కడ కొన్నాయన వైపు పెద్దగా లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 16వ సెక్షన్ ప్రకారం సరుకు నాణ్యతకు అమ్మినవాడు మామూలుగా హామీ పడినట్టు కాదు, చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవాడే. మినహాయింపులు ఉన్నాయి, తెలిసి తెలిసి అబద్ధం చెప్పి అమ్మితే కథ వేరు. కొన్నాయన నడిపి చూసుకున్నాడు, తన మనిషితో చూపించుకున్నాడు, బేరంలో టైర్ల అరుగుదలకు కూడా తగ్గించుకున్నాడు. అమ్మినాయన ఈ సెక్షన్ చదివి గుండె నిబ్బరం చేసుకున్న రోజే అవతలి నుంచి సెక్షన్లకు అందని అస్త్రం వచ్చింది.

"మీటరు వెనక్కి తిప్పినారని మా మేస్త్రీ అంటా ఉండాడు. తిప్పలేదంటే కాణిపాకం రండి సార్. కోనేట్లో మునిగి వినాయకుడి ముందర ప్రమాణం చేయండి."

చిత్తూరుకు పన్నెండు కిలోమీటర్ల లోపే కాణిపాకం. అప్పు తీర్చానని ఒకడు, తీర్చలేదని ఇంకొకడు, ఇక తాగనని మరొకడు వచ్చి ప్రమాణం చేసే చోటు. దమ్ముంటే కాణిపాకం రా అని రాజకీయ నాయకులు ఒకరినొకరు సవాలు చేసుకోవడం పేపర్లు చదివేవాళ్లకు కొత్త కాదు. చిత్తూరు జిల్లాలో కోర్టుకు భయపడనివాడు కూడా ఆ మాటకు ఒక్క క్షణం ఆగుతాడు. అమ్మినాయనా ఆగాడు. మీటరు ఆయన తిప్పలేదు, ఎలా తిప్పుతారో కూడా తెలియదు. ఆ సంగతి మీద నిక్షేపంగా మునుగుతాడు. మునిగి లేచాక స్వామి ముందర క్లచ్ సంగతి కూడా అడిగితే? "కిలోమీటర్ల వరకే అయితే వస్తాను" అన్నాడు, షరతు పెట్టి.

వంటింట్లోంచి ఇదంతా వింటున్న ఆవిడ అప్పుడు ఒక్క మాట అంది. "ఆయన్ను కూడా మునగమనండి. పేరు మార్పించినాడో లేదో స్వామి ముందర చెప్పమనండి."

కాణిపాకం ప్రస్తావన ఆ రోజుతో ఆగిపోయింది. ఫోన్లూ తగ్గాయి. తగ్గితే సంతోషించాల్సిన మనిషికి ఉన్నట్టుండి చెమట పట్టింది. కిర్రుమనే చప్పుడు గురించి గంటలు గంటలు మాట్లాడిన మనిషి పేరు మార్పు గురించి ఒక్కసారి కూడా నోరు విప్పలేదే!

అప్పుడు ఫోనులోని పాత మెసేజీలు వెతికాడు. గాదంకి టోల్‌ప్లాజా, డబ్బు కట్. మళ్లీ గాదంకి, మళ్లీ కట్. వడమాలపేట దగ్గర ఎస్వీ పురం, కట్. అద్దం మీద అంటించిన ఫాస్టాగ్ తన ఖాతాకే ముడిపడి ఉందన్న సంగతి అమ్మే సందడిలో గుర్తులేదు. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి పెద్ద రాడార్ ఉంది, ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తున వీచే గాలిని పసిగడుతుంది. ఆ పక్కనే ఉన్న టోల్‌ప్లాజా కొన్నాయన ఏ పూట తిరుపతి వచ్చాడో, ఏ పూట తిరిగిపోయాడో అమ్మినాయనకు పైసలతో సహా చెబుతోంది. వాటి కిందే సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక చలానా, ఈయన పేరు మీద. ఆ ఫొటోలో ఉన్న మనిషి నవ్వుతున్నాడని ఇంటావిడ అంది.

ఫాస్టాగ్ ఒక్క ఫోనుతో మూసేయించవచ్చు. చలానా కట్టి పారేయవచ్చు. భయం అక్కడ లేదు, వేరే చోట ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్లే యజమాని. ఉత్తరాదిలో ఒకాయన 2007 జులైలో కారు అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి, ఇలా రెండేళ్లు తిరక్కుండానే కారు చేతులు మారుతూ పోయింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. 2009 మే నెలలో రివర్సులో వచ్చిన ఆ కారు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయాడు. నష్టపరిహారం ఎవరిది? పంజాబ్ హర్యానా హైకోర్టు చివరి చేతుల దాకా వెళ్లింది. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, రిజిస్టర్లో పేరున్న మొదటాయనదే బాధ్యత అంది. బాధితులు ఒకరి తర్వాత ఒకరిగా కొన్నవాళ్లందరినీ వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది కోర్టు ఆలోచన. బాధితుల వైపు నుంచి చూస్తే కాదనలేం. అమ్మేశాను గదా అని నిశ్చింతగా నిద్రపోయిన మనిషి వైపు నుంచి చూస్తే మాత్రం నిద్ర పట్టదు.

చట్టం అమ్మినవాడినీ ఊరికే వదల్లేదు. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాల్సింది అమ్మినవాడు, 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాల్సింది కొన్నవాడు. బీమా సంగతి కూడా కొన్నవాడే 14 రోజుల్లో కంపెనీకి చెప్పాలి. ఏళ్ల తరబడి క్లెయిము లేకుండా నడిపి సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ అయితే బండితో పోదు, మనిషితో వస్తుంది. మొత్తం వ్యవహారంలో అమ్మినాయనకు దక్కిన శుభవార్త అదొక్కటే.

ఇప్పుడు ఫోన్లు తిరగబడ్డాయి. చేసేది అమ్మినాయన, ఎత్తనిది కొన్నాయన. ఎత్తినప్పుడు ఒకసారి ఆషాఢం, ఒకసారి ఆధార్‌లో పేరు తప్పు, ఒకసారి కాయ కోతలు. అసలు కారణం ఒక బ్రోకరు ద్వారా తెలిసింది. కొన్నాయన బండిని వేలూరు మనిషికి అమ్మే బేరంలో ఉన్నాడు. తన పేరు ఎక్కితే రెండో ఓనరు బండి అవుతుంది, ధర తగ్గుతుంది. ఎక్కకపోతే బ్యాంకు సారు నడిపిన సింగిల్ ఓనర్ బండి. సంతకాల ఫారాలు అరలో భద్రంగా ఉన్నాయి గదా.

కానీ తమిళనాడుకు పోవాలంటే ఫారం 28, నిరభ్యంతర పత్రం. దరఖాస్తు పెడితే ఓటీపీ వచ్చేది రికార్డులో ఉన్న నంబరుకు. ఒక సాయంత్రం ఫోను మోగింది, గొంతులో బెల్లం.

"సార్, బాగుండారా? అమ్మ బాగుండాదా? మీ ఫోనుకు ఒక నంబరొస్తాది, కొంచిం చెప్తారా?"

ఉద్యోగం చివరి సంవత్సరాలన్నీ కౌంటరు దగ్గరకొచ్చిన ప్రతి ముసలాయనకూ, ప్రతి ముసలమ్మకూ ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి అని చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ శిక్షణంతా ఆ ఒక్క క్షణం కోసమే అన్నట్టు, "తిరుపతి రండి. ముందు బండి మీ పేరు మీదికి మారాలి. ఆ నంబరు ఆఫీసులో మీ ముందరే చెబుతాను" అన్నాడు.

కొన్నాయన వచ్చాడు, ఒక బుట్ట మామిడికాయలతో సహా. ఆఫీసు బయట ఏజెంట్లు కూర్చునే చెట్టుకింద ఇద్దరూ టీ తాగారు. లోపలికి పోయి పని ముగించుకుని వచ్చాక ఇద్దరి మధ్యా గొడవ పడటానికి ఏమీ మిగల్లేదు. అది ఇద్దరికీ కాస్త వెలితిగానే అనిపించినట్టుంది, ఇంకో టీ చెప్పారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు తెలియని నంబరు నుంచి ఫోను. అవతల వేలూరు మనిషి, అరవం కలిసిన తెలుగు. అతను రెండు మాటలు అనేలోపు ఫోను చేయి మారింది, తెలిసిన గొంతు వినబడింది.

"సార్, నేనే. బండి ఈయనకిచ్చేసినా. ఏందో కిర్రుమంటా ఉండాదంట, నా దగ్గర ఉన్నన్ని దినాలూ ఏమీ లేదు సార్, మీకు తెలుసు గదా. మీరొక మాట చెప్పండి, నా మాట నమ్మడంలే."